బాల్యం ఒక డబ్బా, 499 రూపాయలు మాత్రమే

హైదరాబాద్ గోపన్‌పల్లిలో బాల్యం ఇప్పుడు డబ్బాల్లో దొరుకుతోంది. డబ్బా ఒకటి 499 రూపాయలు. రెండు తీసుకుంటే డెలివరీ ఉచితం. పండగ వస్తే పండగ పేరిట, ఏ పండగా లేకపోతే 'వీకెండ్ మార్కెట్' పేరిట ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌసుల్లో స్టాళ్ళు వెలుస్తాయి కదా, ఆర్గానిక్ సబ్బులకూ చేనేత దిండు గలీబులకూ మధ్య ఒక బల్ల మీద ఈ డబ్బాలు పేర్చి ఉంటాయి. మూత మీద క్యాసెట్ బొమ్మ, బొంగరం బొమ్మ, కింద 'నైంటీస్ కిడ్స్‌కి మాత్రమే' అని హెచ్చరిక. విప్పి చూస్తే ఒక పాపిన్స్, రెండు కిస్మీలు, నాలుగు మ్యాంగో బైట్లు, ఒక సిగరెట్ మిఠాయి పెట్టె, ఒక పల్లీపట్టీ, గుప్పెడు నువ్వుల జీళ్ళు, మిగతాదంతా రంగు కాగితం ముక్కలు. సరుకు విలువ ఎంత లాగినా వంద దాటదు. పైన వేసిన నాలుగొందలూ జ్ఞాపకాల మీద పన్ను. జీఎస్టీ మండలికి ఈ ఆలోచన ఇంకా తట్టలేదు కాబట్టి బతికిపోయాం.

కొనేవాళ్ళను చూడాలి. నలభై నిండిన మేనేజరు గారు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వందమందిని వేలి మీద ఆడించే మనిషి, కిస్మీ కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని ఏలకుల వాసన గట్టిగా పీల్చి కళ్ళు మూసుకుంటారు. 'ఆ రోజులే వేరు బ్రో' అంటారు. పక్కనున్న బ్రో కూడా మర్యాదకు కళ్ళు మూసుకుంటాడు. ఈ సందులో ఎనిమిదేళ్ళ కొడుకు డబ్బాలో చెయ్యి పెడతాడు. మేనేజరు గారి కళ్ళు చటుక్కున తెరుచుకుంటాయి. 'నో నాన్నా, అదంతా షుగర్. ఇంటికెళ్ళాక డేట్స్ బార్ ఇస్తాగా!' బాల్యం దాటిపోయి ముప్పయ్యేళ్ళైన వాడికి మిఠాయి, బాల్యంలో ఉన్నవాడికి ఖర్జూరం. పిల్లవాడు బిక్కమొహం వేసుకుని నిలబడితే, తండ్రి పంచదార సిగరెట్‌ను వేళ్ళ మధ్య పెట్టుకుని, లేని పొగ వదులుతూ సెల్ఫీ దిగుతారు. ఆ ఫొటో కింద 'సింపుల్ డేస్' అని రాసి, ముప్పయ్యారుమందిని ట్యాగ్ చేస్తారు.

ఇదే మేనేజరు గారు పదిహేనేళ్ళ కిందట కిరాణా కొట్టువాడితో పోట్లాడి ఉంటారు. 'చిల్లర లేదు, చాక్లెట్ తీసుకో సార్' అన్నందుకు. జేబులో పడిన రెండు మ్యాంగో బైట్లు ప్యాంటుతో పాటు వాషింగ్ మెషీన్‌లోకి వెళ్ళేవి. 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లకుండా పోయింది, ఆ తర్వాత ఫోన్‌తో స్కాన్ చేయడం వచ్చింది, చిల్లర బాధ తీరింది, చిల్లర చాక్లెట్ల బాధా తీరింది. ఉత్తినే ఇస్తే విసుక్కున్న సరుకును 499 పోసి కొని కంటతడి పెట్టడానికి మనిషికి కొంత చదువు, కొంత జీతం, చాలా తీరిక ఉండాలి.

ఇంతకీ ఆ డబ్బాలో ఉన్నది ఎవరి బాల్యం? పాపిన్స్, కిస్మీ, మ్యాంగో బైట్ మూడూ పార్లే వారివి. 1929లో బొంబాయి విలే పార్లేలో మొదలైన కంపెనీ. వాటిని మనలో చాలామందికి నేర్పింది అమ్మమ్మ కాదు, దూరదర్శన్ సీరియళ్ళ మధ్య వచ్చిన ప్రకటన. తప్పేం లేదు, నేనూ నేర్చుకున్నాను. కానీ మన చిత్తూరులో 1952లో పుట్టిన న్యూట్రిన్ సంగతేమిటి? పుట్టినరోజు నాడు కొత్త బట్టలేసుకుని, టీచరుకు రెండు, తోటివాళ్ళకు ఒకటి చొప్పున తెలుగు బళ్ళలో పంచిపెట్టిన చాక్లెట్లలో ఎన్ని న్యూట్రిన్ వారివో! మహా లాక్టో, ఆసే. ఆ కంపెనీని 2006లో గోద్రెజ్ కొంది. 2007లో అమెరికా హెర్షీ వచ్చి భాగస్వామిగా చేరింది. 2012లో గోద్రెజ్ తన వాటా కూడా అమ్ముకుని పక్కకు తప్పుకుంది. చిత్తూరు చాక్లెట్ పెన్సిల్వేనియా వాళ్ళదైపోయిన ఆ ఆరేళ్ళలో మన జ్ఞాపకాల వీరులెవరూ ఒక్క ధర్నా అయినా చేసినట్టు నేను వినలేదు. 499 డబ్బాలో చిత్తూరుకు చోటే లేదు. చిత్తూరు అంటే క్యాసెట్ బొమ్మకు నప్పదేమో.

రావల్‌గావ్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలో ఒక చక్కెర మిల్లు, పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పెట్టింది. పాన్ పసంద్, మ్యాంగో మూడ్, కాఫీ బ్రేక్ అక్కడివే. 2024 మొదట్లో ఆ మిఠాయిల పేర్లూ, తయారీ రహస్యాలూ అన్నీ కలిపి రిలయన్స్ వాళ్ళు 27 కోట్లకు కొనేశారు. ఖర్చులు పెరిగాయి, ధర పెంచలేం, మార్కెట్ చేజారింది అన్నది కంపెనీ గోడు. ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో ఏడుపు బొమ్మలు వరదలా పారాయి. 'మా బాల్యాన్ని అమ్మేశారు' అని ఒకాయన రాశారు. అయ్యా, మీరు చివరిసారి పాన్ పసంద్ ఎప్పుడు కొన్నారు? మనం కొనలేదు కాబట్టే కదా వాళ్ళు అమ్ముకున్నది! ఇంకో లెక్క చూడండి. అదే 2024 జూలైలో ప్రారంభమైన గోపన్‌పల్లి తండా ఫ్లైఓవర్‌కు అయిన ఖర్చు సుమారు 28.5 కోట్లు. అంటే మూడు తరాల మిఠాయిని మొత్తంగా కొన్న ధర మన వీధి చివరి వంతెన ఖరీదు కన్నా తక్కువ. ఆ వంతెన ఎక్కి ఇల్లు చేరడానికే తొందరపడే మనం బాల్యానికి వెల కట్టలేమంటాం. కట్టారండీ, రసీదు కూడా ఉంది.

కంపెనీలు మనకన్నా తెలివైనవి. పార్లే 2006లో రోలా కోలా ఆపేసింది. 2019లో ట్విటర్‌లో ఒకరు అడిగితే, పదివేల రీట్వీట్లు తెస్తే మళ్ళీ చేస్తామంది. తెచ్చారు, చేసింది. ఉన్నన్నాళ్ళు కొనకుండా ఊరుకుని, పోయాక ఉద్యమం చేసి తెచ్చుకోవడం మన పద్ధతి. ఉచితంగా అంత ప్రచారం చేసిపెట్టేవాళ్ళుంటే ఏ కంపెనీ అయినా పాత సరుకును అప్పుడప్పుడు చంపి బతికిస్తుంది.

డబ్బా మీద ఇంకో వాక్యం ఉంది, అదే నాకు బాగా ఒళ్ళు మండిస్తుంది. 'కల్తీ లేని కాలపు రుచులు' అట. కల్తీ లేని కాలంలో 1954లోనే ఆహార కల్తీ నిరోధక చట్టం ఎందుకు చేశారో మరి! పార్లమెంటుకు ఏం తోచక చేసి ఉంటారు. మనం నాలుక చాపి, ఎవరిది ఎక్కువ ఎరుపో పోటీలు పెట్టుకున్న ఆ పుల్ల ఐసుల్లో ఏం రంగు కలిపారో అప్పుడెవరు అడిగారు? 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించాయి. పరీక్షల్లో రోడమిన్-బి బయటపడింది. బట్టలకు వేసే రంగు. మార్చిలో కర్ణాటక రంగు వేసిన పీచు మిఠాయి అమ్మకూడదంది. రోడమిన్ నిన్న పుట్టిన రసాయనం కాదు. మన చిన్నప్పుడు లేనిది పరీక్ష, రంగు కాదు. జబ్బు పడకుండా పెద్దవాళ్ళమయ్యాం కాబట్టి అది అమృతం అనడం, హెల్మెట్ లేకుండా నలభయ్యేళ్ళు స్కూటర్ నడిపిన మా మామయ్య వాదన లాంటిదే.

ఇక ఆరోగ్యం. గోపన్‌పల్లికి ఆనుకునే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రితో కలిసి ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసే 345 మంది ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి స్థూలకాయం. రోజంతా కుర్చీ, రాత్రంతా షిఫ్టు, ఒత్తిడి, చక్కెర పానీయాలు అన్నీ కలిసి చేసిన పని అది. నాలుగు కిస్మీల మీద ఆ నేరం మోపను. కానీ కొడుకు చేతిలోంచి లాక్కున్న షుగర్‌ను తానే నోట్లో వేసుకున్న ఆ నాన్నగారి రిపోర్టు కూడా ఒకసారి తెప్పించుకుంటే బాగుంటుంది.

అసలు తమాషా ఇది. డబ్బాలోని సరుకేదీ ఎక్కడికీ పోలేదు. క్లబ్‌హౌసు నుంచి గేటు దాటి పాత ఊరు వైపు నాలుగడుగులు వేస్తే ఒక కిరాణా కొట్టు ఉంది. ముందు వరసలో ఎర్ర మూతల ప్లాస్టిక్ డబ్బాలు, పైన తోరణంలా వేలాడే బోటీల ప్యాకెట్లు, గల్లా పక్కన స్కానర్ బొమ్మ అతికించిన పల్లీపట్టీల డబ్బా. కొట్టు నడిపే ఆవిడను అడిగాను.

"అక్కా, పాత మిఠాయిలు ఏమైనా ఉన్నాయా? చిన్నప్పుడు తినేవి?"

"పాతవి ఎందుకుంటయి సార్? అన్నీ కొత్తయే. పొద్దుగాలనే వచ్చినయి."

"అది కాదక్కా, జీళ్ళు, కిస్మీ..."

"గవ్వా? గవి రోజూ ఉంటయి కద. ఎన్ని గావాలె?"

జ్ఞాపకం అనుకుని వెళ్ళినవాణ్ణి సరుకుతో ఢీకొన్నాను. ఆమె దృష్టిలో జీడి అంటే జీడి, బడి వదిలాక పిల్లలు కొనేది. లోపల క్లబ్‌హౌసులో ఇదే 499 అని చెబితే ఆమె నమ్మలేదు. కాసేపాగి నమ్మింది, అప్పుడు కోపం వచ్చింది. "మరి మమ్ములను లోపలికి రానియ్యరు కద సార్!"

ఆమెనే కాదు, పీచు మిఠాయి అతన్నీ రానివ్వరు. సాయంత్రం పూట గంట కొట్టుకుంటూ, వెదురు కర్ర నిండా గులాబీ సంచులు గుచ్చుకుని వస్తాడు. హైదరాబాదీ పిల్లలు బుడ్డీకే బాల్ అని పిలిచేది అదే. సెక్యూరిటీ వాళ్ళు ఆపేస్తారు. యాప్‌లో అప్రూవల్ లేదు, ఫ్లాట్ నంబర్ లేదు, పైగా శబ్దం. గంట శబ్దం ఇబ్బందిగా ఉందని అసోసియేషన్ గ్రూపులో ఫిర్యాదు పెట్టిన ఫ్లాటు వాళ్ళే పోయిన నెల 'రెట్రో నైట్'లో పీచు మిఠాయి కౌంటరుకు అద్దె కట్టారు. దానికి యాప్‌లో అప్రూవల్ ఉంది.

1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు ఈ ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లలూ ఉన్నారు. వాళ్ళూ నైంటీస్ కిడ్సే. రాళ్ళ మధ్య కాసిన సీతాఫలాలు, ఈత పళ్ళు, రేగుపళ్ళు, ఎండాకాలం తాటి ముంజలు వాళ్ళ మిఠాయి కొట్టు. ఆ రాళ్ళలో సగం పేల్చేసి మన టవర్లు కట్టారు. సీతాఫలం చెట్టు బొమ్మను మాత్రం ఏ డబ్బా మూత మీదా వేయలేదు. దానికి నాస్టాల్జియా మార్కెట్ లేదు కాబోలు.

అందుకని అసోసియేషన్ పెద్దలకు ఒక మనవి. వచ్చే మీటింగులో ఒక తీర్మానం పెట్టండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పీచు మిఠాయి అతన్ని గేటు లోపలికి రానివ్వాలి, గంటతో సహా. రంగు వెయ్యొద్దు, తెల్లదే తెమ్మని చెప్పండి, ఆ మాత్రం జాగ్రత్త అవసరమే. పిల్లలకు పదో ఇరవయ్యో ఇచ్చి వాళ్ళనే కొనుక్కోనివ్వండి. మీరు పక్కన నిలబడి కళ్ళు మూసుకోవద్దు. ముఖ్యంగా బేరమాడొద్దు. 499 దగ్గర నోరెత్తని వాళ్ళు పది రూపాయల దగ్గర నోరు చేసుకోవడం బాగుండదు.