కాసినో గారి ధర్మసందేహం

అట్లాంటిక్ సిటీలో తెల్లవారుజామున మూడు గంటలకు, బ్లాక్‌జాక్ బల్ల దగ్గర, నీతిశాస్త్రం పుడుతుంది. డీలర్ ముందు ఆరు పడింది. మూసిన ముక్క తిప్పితే అయిదు. తర్వాత మూడు, ఆపైన ఏడు. కలిపితే ఇరవై ఒకటి; అది దాటితేనే డీలర్ ఓడినట్టు. షిఫ్టు చివరికొచ్చిన ఆ మనిషి "ఇరవై రెండు" అనేసి, తానే ఓడిపోయినట్టు అందరి ముందూ చిప్పులు పేర్చేశాడు. ఓడిపోవాల్సిన వాళ్లంతా ఒక్కసారిగా మౌనవ్రతం పట్టారు. ఒకాయన కప్పు కేసి చూస్తున్నాడు. ఇంకొకాయనకి ఉన్నట్టుండి గ్లాసులో ఐసు మీద ఆసక్తి కలిగింది.

ఇక మొదలవుతుంది మీమాంస. ఆ చిప్పులు తీసుకోవచ్చా? నోరు మూసుకుని కూచోవడం దొంగతనమా? ఈ ప్రశ్న వేసేవాళ్ల గొంతులో కాసినో మీద ఎంత జాలి! రాత్రి గడియ పెట్టుకోవడం మరిచిపోయిన ముసలమ్మ ఇంట్లో ఎవరో దూరినంత బాధపడిపోతారు. ఆ ముసలమ్మ ఇంట్లో మాత్రం గోడ గడియారం ఉండదు, కిటికీ ఉండదు, అడక్కుండానే గ్లాసు నిండుతుంది, కప్పు నిండా కెమెరాలుంటాయి.

ఎదుటివాడి పొరపాటు మీద బతకడం అంత పాపమైతే, ముందు ఆ ఇంటివాళ్ల జీవనాధారమేమిటో చూడాలి. డీలర్ ముందు ఆసు పడగానే ఆట ఆగుతుంది. అరచేతిని బల్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుతూ "ఇన్సూరెన్స్?" అంటాడు. ఎంత ఆప్యాయత! మూసిన ముక్క విలువ పదైతే మీ పందెం గంగలో కలుస్తుంది కదా, పాపం, అందులో సగం వేరే పెట్టుకోండి, పది వస్తే దానికి రెండింతలిస్తాం అని. లెక్క చూద్దాం. పేకలో 13 రకాల ముక్కలుంటే పది విలువున్నవి 4: పది, జాకీ, రాణి, రాజు. రెండింతలు ఇచ్చినా నష్టం లేకుండా ఉండాలంటే 12కి 4 ఉండాలి. ఆ ఒక్క ముక్క తేడాలో ఉంది కాసినో కూడు. ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడేవాడికి ఎప్పుడో తప్ప అది శుద్ధ తప్పు పందెం. ఆ తప్పు చేయమని ఆసు పడ్డ ప్రతిసారీ జీతమిచ్చి మరీ అడిగిస్తారు. "వద్దు బాబూ, ఇందులో మీకు నష్టం" అనే డీలర్ ఉండడు. ఉంటే రేపటికి ఉండడు.

నిబంధనలు మంచివై, ఆటగాడు లెక్క ప్రకారం ఆడితే కాసినోకి మిగిలేది నూటికి అర డాలరు దరిదాపు. అంతకు మించి వచ్చేదంతా మన పొరపాట్ల పుణ్యమే. అదీ చాలక, బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఇరవై ఒకటి) పడితే 10 డాలర్లకు 15 ఇచ్చే పాత మర్యాదను చాలా బల్లల మీద 12కి దించేశారు. గుడ్డ మీద చిన్నగా అచ్చు వేశారు కాబట్టి అది మోసం కాదు, పారదర్శకత.

పొరపాట్లు చేయనివాడు దొరికితే? 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసర్, బయటపడిన ముక్కల్ని లెక్కపెట్టుకుంటూ ఆడితే కాసినోని ఓడించవచ్చని పుస్తకం రాశాడు. అలా బుర్ర ఒక్కటే వాడి ఆడేవాడిని నెవాడాలో భుజం తట్టి బయటికి పంపుతారు. న్యూజెర్సీలో అలా పంపే హక్కు లేదని అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది కనుక, అక్కడ పేకను మాటిమాటికీ కలిపి విసిగిస్తారు. అంటే తప్పులు చేయగలగడం కాసినోలో ప్రవేశార్హత.

కాసినో పొరపాటు చేస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 2016లో న్యూయార్క్‌లోని రిసార్ట్స్ వరల్డ్ కాసినోలో ఒకావిడ స్లాట్ మెషిన్ ఆడుతుంటే తెర మీద 4 కోట్ల 29 లక్షల డాలర్లు గెలిచినట్టు పడింది. మెషిన్ చెడిపోయింది, చెల్లదు, అన్నారు. చెడిపోతే చెల్లింపులన్నీ రద్దని ముందే రాసి ఉంది మరి. ఆవిడకిస్తామన్నది 2 డాలర్ల 25 సెంట్లు, ఒక స్టేక్ భోజనం. ఆ భోజనం ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆయనకి ప్రమోషన్ రావాలి.

అంతకుముందు 2012 ఏప్రిల్‌లో, అట్లాంటిక్ సిటీ గోల్డెన్ నగెట్ కాసినోలో, కలిపేసి వచ్చిందనుకున్న పేక కలపకుండానే మినీ బాకరా బల్ల మీదికొచ్చింది. ముక్కలు ఒకే వరసలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఆటగాళ్లు కళ్లున్నవాళ్లు, 10 డాలర్ల పందేలు 5,000కి ఎక్కాయి. వరసగా 41 ఆటలు గెలిచి, 14 మంది 15 లక్షల డాలర్ల పైన పోగేశారు. కోర్టుల చుట్టూ తిరిగాక 2015లో ఒక న్యాయమూర్తి, నిబంధనల ప్రకారం జరగలేదు కాబట్టి అది ఆటే కాదని, డబ్బు వెనక్కి ఇవ్వాలని తేల్చారు. పేక ముట్టుకోనివాళ్లు, పంచనివాళ్లు, కొననివాళ్లు బాధ్యులయ్యారు. ముక్కలు అదే వరసలో కాసినో వైపు పడి ఉంటే "ఆటే కాదు" అంటూ వాళ్లే కోర్టుకెళ్లేవారా? సమాధానం కోసం వకీలు అక్కర్లేదు.

చట్టం మరీ గుడ్డిదని కూడా అనను. డీలర్ అజాగ్రత్తగా ఎత్తినప్పుడు మూసిన ముక్క కనబడితే, కూచున్న చోటి నుంచి చూడటం మోసం కాదని నెవాడాలో 1980ల్లోనే కోర్టు మాట. కానీ గెలిచినదానికన్నా ఎక్కువ సొమ్మును మోసబుద్ధితో తీసుకుంటే అక్కడి చట్టంలో నేరం. చూపించిన ముక్కను చూడటం వేరు, కూడిక తప్పిన చేతిలోంచి డబ్బు లాగడం వేరు. తప్పు చేయించడం మరీ వేరు: ఫిల్ ఐవీ అనే జూదరి లండన్ క్రాక్‌ఫర్డ్స్ కాసినోలో 2012లో, మూఢనమ్మకమని చెప్పి డీలర్ చేత ముక్కలు తిప్పించి, వెనక అంచుల తేడా పట్టుకుని 77 లక్షల పౌండ్లు గెలిచాడు. తను చేసింది మోసం కాదని మనస్ఫూర్తిగా నమ్మానన్నాడు. నమ్మి ఉండవచ్చు, అయినా మోసమే, అంది 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు.

ఇక మన వీరుల సంగతి. న్యూజెర్సీలో మనవాళ్లకి లాంగ్ వీకెండ్ వస్తే అట్లాంటిక్ సిటీ కారు దూరమే. సోమవారం కల్లా వాట్సాప్ గ్రూపులో విజయగాథ: "నేనడిగానా? వాడే ఇచ్చాడు, తీసుకున్నాను." ఈ అన్నగారే కిరాణా బిల్లులో కొత్తిమీర కట్ట రెండుసార్లు పడితే కౌంటర్ దగ్గర క్యూ మొత్తాన్ని ఆపేస్తాడు. కాసినోలో మాత్రం కొత్తగా చేరిన పిల్ల ఏ బల్ల దగ్గర చేతులు వణుకుతూ పంచుతోందో వెతుక్కుని కూచుంటాడు. కార్పొరేట్ దోపిడీకి బదులు తీర్చుకుంటున్నానంటాడు. ఆ బదులు ఎవరి దగ్గర తీర్చుకుంటున్నాడో తెలుసుకోవాలంటే ఒక్కసారి ఆ పిల్ల చేతులు చూడాలి.

బల్ల వదిలి విరామానికి వెళ్లేముందు డీలర్ రెండు చేతులూ చప్పట్లలా తట్టి, అరచేతులు అటూ ఇటూ తిప్పి పైనున్న కెమెరాకి చూపించాలి. నేను దొంగను కాదు అని, షిఫ్టులో ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు. చాలాచోట్ల జేబుల్లో చెయ్యి పెట్టే వీల్లేకుండా పైన ఏప్రన్ కట్టిస్తారు. జీతం తక్కువ, బతుకు టిప్పుల మీద. 2006లో లాస్ వేగాస్‌లోని విన్ కాసినో ఆ టిప్పుల్లో కూడా పై మెట్టు ఉద్యోగులకి వాటా పెట్టింది. యజమాని పెంచాల్సిన జీతాన్ని డీలర్ల డబ్బాలోంచి తీసిచ్చిన ఉపాయమిది.

ఇప్పుడు ఆ ఇరవై ఒకటి దగ్గరికి రండి. మీరు ధర్మరాజు అవతారమెత్తి (జూదంలో ఆయన ఎంత గెలిచాడో తెలిసిందే) "బాబూ, అది ఇరవై రెండు కాదు" అన్నారనుకోండి. సూపర్‌వైజర్ వస్తాడు. ముక్కలు వెనక్కి పేర్చి చూస్తారు. చిప్పులు కాసినోకి, తప్పు డీలర్ ఖాతాలోకి. మీరు మాట్లాడకపోతే పై గదిలో ఎవరో రికార్డింగ్ చూస్తారు. అప్పుడూ తప్పు డీలర్ ఖాతాలోకే. చల్లగా ఉండమని అయిదు డాలర్లు టిప్పిచ్చారో, కుమ్మక్కయ్యారేమోనని అనుమానం, అదీ ఆ ఖాతాలోకే. నీతి ఎటు తిరిగినా బిల్లు మాత్రం ఆ ఏప్రన్ కట్టుకున్న మనిషికే వస్తుంది. నా మట్టుకు నేను కూడిక సరిచేస్తాను. కాసినో మీద గౌరవంతో కాదు, రికార్డింగ్‌లో దొరికిన తప్పు కన్నా బల్ల మీదే దిద్దిన తప్పుకి తిట్లు తక్కువ పడతాయన్న ఆశతో.

కాసినో వారితో మాత్రం నాకొక ఒప్పందం కావాలి. మెషిన్ చెడిపోతే చెల్లదన్న వాళ్ల బోర్డు లాంటిదే ఒకటి నా ఛాతీ మీద తగిలించుకు కూచుంటాను: "ఈ ఆటగాడి బుర్ర చెడిపోయినప్పుడు కాసిన పందేలన్నీ రద్దు." ఆ బుర్రని చెడగొట్టే విస్కీ వాళ్లే ఉచితంగా పోస్తున్నారు కనుక, మరమ్మతు జరిగేదాకా పోయిన డబ్బు వాపసిచ్చే బాధ్యతా వాళ్లదే. ఊరికే కాదు లెండి. స్టేక్ భోజనం నా ఖర్చు.