బోయినపల్లికొచ్చిన లండన్ పన్నుల పుస్తకం

నా అట్ట మీద పెద్ద అక్షరాలతో టీఎక్స్-యూకే అని ఉంటుంది. ఏసీసీఏ అనే అకౌంటెంట్ల పరీక్షల్లో పన్నుల పేపరుకు చదివే పుస్తకాన్ని, అందులోనూ బ్రిటన్ పన్నులకు. మా జాతికి ఆయుష్షు ఏడాదే. నాలో ఉన్నవి 2023-24 రేట్లు. 2024 జూన్ నుంచి 2025 మార్చి దాకా జరిగిన పరీక్షలకే నేను చెల్లాను. గడువు దాటగానే దుబాయ్‌లో ఒక ఆఫీసు అలమర ఖాళీ చేస్తూ నన్ను చెత్త సంచి పక్కన పెట్టారు. అక్కడ ఊడ్చి తుడిచే పని చేసేది బోయినపల్లి మండలం మనిషి. అట్టను ఫొటో తీసి ఇంటికి పంపాడు.

"బిడ్డా, గిదేనా నువ్వడిగింది?"

"గదే బాపు, పారెయ్యకు."

సెలవుకు ఇంటికొచ్చే రోజు పెట్టె తూకం మించింది. కంబలి ఉంచాడు, టైగర్ బామ్ సీసాలు ఉంచాడు, పాలపొడి డబ్బా ఒకటి తీసేశాడు గానీ నన్ను తీయలేదు. జీతం మీద పన్నే లేని దేశం నుంచి పన్నుల పుస్తకాన్ని మోసుకొచ్చాడని తర్వాత కూతురే నవ్వింది.

మిడ్ మానేరు కింద మునిగిన ఊళ్లవాళ్లకు ఇచ్చిన కాలనీలో వీళ్ల ఇల్లు. ఆనకట్ట మాన్వాడ దగ్గర. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు ఆ నీళ్ల పాలయ్యాయి. పిల్ల బీకాం చదివింది, ఆ డిగ్రీకి ఏసీసీఏ మొదటి పేపర్లలో కొన్నిటికి మినహాయింపు దొరికింది. మిగతావి ఇంట్లోనే చదువుకుంటోంది. హైదరాబాద్‌లో హాస్టల్ పెట్టి కోచింగ్‌కు పంపే స్తోమత ఆ ఇంటికి లేదు.

తల్లి చేటలో తునికాకు కత్తిరిస్తూ నన్ను చూసి అడిగింది: "గింత లావున్నది, మన సర్కారు పన్నులా?"

"కాదమ్మా, లండన్‌వి."

"లండనోళ్ల పన్నులు మనకెందుకే?"

అడగాల్సిన ప్రశ్నే. ఏసీసీఏలో చాలా పేపర్లు ఏ దేశం వాళ్లకైనా ఒకటే. చట్టం, పన్నుల పేపర్ల దగ్గర ముఖ్యంగా దారులు చీలతాయి. పన్నులకైతే బ్రిటన్‌తో పాటు ఐర్లండ్, మలేసియా, సింగపూర్, మాల్టా, సైప్రస్ లాంటి దేశాల పేపర్లున్నాయి. భారతదేశం పేపరు లేదు, ఎమిరేట్స్‌దీ లేదు. ఏదో ఒక పరాయి దేశపు పన్ను నేర్చుకోక తప్పదు. ఆ దేశంలో ఉండాలన్న షరతు మాత్రం లేదు.

మలేసియా పేపరు తేలిక అని జగిత్యాలలో ఉండే పిల్ల మేనబావకు ఎవరో చెప్పారట. తేలికో కాదో నాకు పట్టదు. పక్కన గురువు లేనివాళ్లకు కావలసింది కొత్త రేట్లతో వచ్చిన లెక్కల పుస్తకం, పాత ప్రశ్నలు, ఎక్కడ మార్కులు పోతున్నాయో పరీక్షకులు రాసిన నివేదికలు, ఉచితంగా దొరికే పాఠాలు. బ్రిటన్ పేపరుకు ఇవన్నీ కుప్పలుగా ఉన్నాయి. సొంతంగా చదివేవాళ్లను బ్రిటన్ పేపరే ఎంచుకోమంటాను. నా గొప్ప కోసం కాదు, గడువు తీరినదాన్ని, నన్ను కొనమని అడగడం లేదు కదా.

పై మెట్టులో సంగతి వేరు. ఖాతాల నివేదికల పేపరు ఎస్‌బీఆర్, ఆడిట్ పేపరు ట్రిపుల్ ఏలలో యూకే, ఇంటర్నేషనల్ లాంటి రకాలుంటాయి. లండన్‌లో ఆడిట్ చేసే ఆలోచన లేనప్పుడు అక్కడ ఇంటర్నేషనల్ తీసుకోవాలి. పన్నుల్లో యూకే రాశాం కదా అని అన్నిటికీ యూకే పెట్టక్కర్లేదు. ఇక మన దేశంలో కంపెనీ ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే 1949 చట్టం కింద సీఏ అయి ఉండాలి. ఏసీసీఏలో ఏ రకం రాసినా ఆ సంతకం రాదు. ఇది ముందే తెలుసుకుని చదువుతున్న పిల్ల కాబట్టి నాకు నచ్చింది.

నేను వచ్చాక ఆమె మొదట చేసిన పని పెన్సిల్ చెక్కుకోవడం. కొత్త రేట్లు ఫోన్‌లో చూసి నాలో దిద్దింది. మూలధన లాభాల మినహాయింపు 6,000 పౌండ్లు కొట్టేసి 3,000 అని రాసింది. డివిడెండ్లకు 1,000 తీసేసి 500. వ్యక్తిగత మినహాయింపు 12,570 దగ్గర పెన్సిల్ ఆగింది, అది మారలేదు.

ఆమెకు అసలు చిక్కు రేట్లతో కాదు, తెలిసిన లెక్కను మరిచిపోవడంతో వచ్చింది. సర్కారు భూమి తీసుకుంటే యజమానికి లాభమెంత అన్న ప్రశ్న చూడగానే చేయి దానంతటదే "పన్ను లేదు" అని రాసింది. ఆమె ఎరిగిన భూమి అలాంటిది. 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం పరిహారం మీద ఆదాయపు పన్ను ఉండదు. పల్లెల్లో సాగుభూమిని మన ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగానే లెక్కపెట్టదు. నాలో అలా కాదు, బలవంతంగా తీసుకున్నా అమ్మినట్టే లెక్క. తాత పొలం నీళ్లలోకి పోయిన ఇంట్లో కూర్చుని, కెంట్‌లో ఎవరిదో పొలానికి లాభం లెక్కకట్టి పన్ను వేసింది. లెక్క సరిగ్గా వచ్చింది.

ఒక రాత్రి తల్లి బీడీల కూలిని నా పద్ధతిలో వేసి చూసింది. వెయ్యి బీడీలకింత, పీఎఫ్ కోత పోగా ఏడాదికింత. 12,570 పౌండ్లంటే మన లెక్కలో పద్నాలుగు లక్షల పైమాటే.

"అమ్మా, లండన్‌ల ఉన్నా నీకు పన్ను పడది."

"పైసలే లేవు, పన్నెట్ల పడ్తది? పరీక్ష ఫీజు కట్టినవా?"

ఫీజు బాపు పంపాడు. పరీక్షకు ఎంట్రీ పెట్టేచోట దేశాల జాబితా తెరుచుకుంది. యూకే నొక్కి, రసీదు మీద పేపరు పేరు మళ్లీ చదువుకుంది. సరిగ్గా అప్పుడే జగిత్యాల నుంచి ఫోన్.

"మలేసియా తీసుకోరాదు, అల్కగుంటదంట!"

"బావా, గా పేపరుకు ఈ ఏడాది లెక్కల పుస్తకం నీ దగ్గరుందా?"

"లేదు."

"నా దగ్గర్నయితే పాతదన్నా ఒకటుంది" అని ఫోన్ పెట్టేసి నన్ను వ్యాట్ అధ్యాయం దగ్గర తెరిచింది.