తేలని కథను ఇంట్లోనే తేల్చండి: అనిమే చూసే కుటుంబాలకు ఐదు సూచనలు

బోధన్ శక్కర్‌నగర్‌లో మా మామగారి ఇల్లు. ఆ రాత్రి మా అబ్బాయి ‘కౌబాయ్ బీబాప్’ చివరిదైన 26వ ఎపిసోడ్ చూస్తున్నాడు. హీరో స్పైక్ మెట్లు దిగుతూ వేలితో తుపాకీ పేల్చినట్టు చూపించి కూలిపోయాడు. పాట మొదలైంది. పక్కనే కూర్చున్న మామగారు అడిగారు.

“మల్ల లేస్తడారా?”

“తెల్వది తాతా. గట్లనే ఇడిసిపెట్టిండ్రు.”

“పలుకు పట్టకముందే పాన్ దించినట్టుంది!”

ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పాకం ఉడికించే పాన్ల దగ్గర పనిచేసిన మనిషి. ఉడుకుతున్న పాకంలోంచి ఒక చుక్క తీసి, గాజు పలక మీద వేసి, వెలుతురుకు పట్టి చక్కెర పలుకు కట్టిందో లేదో చూసేవారు. పట్టిందంటేనే పాన్ దించేది. కథకూ అదే లెక్క. మా ఇంట్లో మేం పాటిస్తున్నవే కింద రాస్తున్నాను. మీరూ పాటించండి.

1. చివరి ఎపిసోడ్ ఒక్కరే చూడొద్దు. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు కథ వాళ్లకు తెలియకపోయినా ఫరవాలేదు. ముగింపు చూసి తీర్పు చెప్పడానికి పెద్దరికం చాలు.

2. ఆ రాత్రే తేల్చండి. ఇంట్లో అందరినీ అడిగి, ఎక్కువమంది చెప్పింది ఒక నోటుబుక్కులో రాసి, తేదీ వేయండి. మా పుస్తకంలో మొదటి పేజీలో మామగారి చేతిరాతతో ఉంది: ‘స్పైక్ లేచిండు.’ రాశాక మళ్లీ కొట్టేయొద్దు.

3. మొదలు కన్నా ముందు చివర చూడండి. ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ 1995 అక్టోబరులో మొదలైంది. 1996 మార్చిలో వచ్చిన ఆఖరి రెండు ఎపిసోడ్లలో యుద్ధం పక్కకుపోయి, షింజి అనే పిల్లవాడి మనసులోని గొడవే మిగిలింది. 1997లో మరో ముగింపుతో సినిమా వచ్చింది. షింజి పెద్దవాడై తేలికపడ్డ మనసుతో స్టేషన్ బయటికి పరిగెత్తేది 2021 సినిమాలో. కాబట్టి ముందు అదే చూపించండి. వాడు బాగుపడ్డాడని తెలిశాక, పాత ఎపిసోడ్లలో వాడెంత ఏడ్చినా మీ పిల్లలు తట్టుకుంటారు.

4. ముగింపును మన ఊరికి తెచ్చుకోండి. దర్శకుడు హిదెయాకి అన్నో ఆ 2021 సినిమాను తన సొంతూరు ఉబేలోని స్టేషన్‌లోనే ముగించాడు. ఆయన చేసిన పని మనమూ చేయొచ్చు. ‘యువర్ నేమ్’ సినిమా చివర అబ్బాయీ అమ్మాయీ మెట్ల మీద ఒకరి పేరొకరు అడుగుతారు, అంతటితో అయిపోతుంది. మా ఇంట్లో ఆ మెట్లు డిచ్‌పల్లి రామాలయానివి. ఇద్దరూ పేర్లు చెప్పుకున్నారు, పైకి ఎక్కి దండం పెట్టుకున్నారు, పెళ్లి నిజామాబాద్‌లో జరిగింది.

5. సగం కథకు టికెట్ కొనొద్దు. 2025 సెప్టెంబరులో తెలుగులోనూ వచ్చిన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మూడు సినిమాల్లో మొదటిది. మూడూ వచ్చేదాకా ఆగండి. ఎంత ఆగినా ముగింపు రాని కథలూ ఉంటాయి: ‘డోరేమాన్’ను సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో కథను ముగించకుండానే కన్నుమూశాడు. పిల్లలు అడగకముందే చెప్పేయండి, డోరేమాన్ ఎక్కడికీ పోలేదని.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మా బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. తెరిపిస్తామన్న మాట ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వింటున్నాం. నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండించిన రైతూ, పాన్ల దగ్గర నిలబడ్డ కార్మికుడూ ఇన్నేళ్లుగా తేలని కథలోనే బతుకుతున్నారు. దాన్ని తేల్చడం మన చేతిలో లేదు. అలాంటి ఊళ్లో పిల్లల్ని మరో తేలని కథతో పడుకోబెట్టకండి. ముగింపు తేల్చండి, పుస్తకంలో రాయండి, ఆ తర్వాతే లైటు ఆర్పండి.