టైటిల్స్ చూడని అభిమానం

'మాయాబజార్'కి రావలసినంత గుర్తింపు రాలేదని ఈమధ్య ఒక కుర్రాడు వీడియోలో చెబుతుంటే విని నాకు ఒళ్ళు మండింది. 1957లో వచ్చిన సినిమా అది. మూడు తరాల వాళ్ళకి కంఠతా వచ్చిన సినిమా. పెళ్ళి విందులో గారెలూ బూరెలూ వరసగా వడ్డిస్తుంటే ఘటోత్కచుణ్ణి తలుచుకోని పంక్తి ఉంటుందా? దానికే గుర్తింపు రాకపోతే ఇక దేనికొచ్చినట్టు? అండర్‌రేటెడ్ అనే మాట ఇప్పుడు అందరి నోళ్ళలోనూ నానుతోంది. నిన్న రాత్రి తాను మొదటిసారి చూసిన సినిమాని అంతకుముందు లోకంలో ఎవరూ పట్టించుకోలేదనుకోవడం ఈ కాలపు జబ్బు.

మాది తెనాలి. మా రోజుల్లో సినిమా గురించి మాట్లాడుకోవడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థని నిలబెట్టిన చక్రపాణి మా ఊరాయనే. సినిమాలని విప్పి చూపిస్తూ వ్యాసాలు రాసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. గుమ్మడి, జగ్గయ్య చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. అందుకని ప్రతివాడికీ సినిమా తన సొంత వ్యవహారంలాగే ఉండేది. సెకండ్ షో వదిలాక నడుచుకుంటూ బయలుదేరి, మూసిన కొట్ల అరుగుల మీద చేరి, తెల్లవారుజాము దాకా వాదించుకునేవాళ్ళం. 'మాయాబజార్'లో పాండవులు ఒక్కసారైనా కనిపించరన్న సంగతి నేను అలాంటి అరుగు మీదే విన్నాను. చెప్పినాయన బియ్యం కొట్లో గుమాస్తా. అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడున్నాడు, అవతల కౌరవులంతా ఉన్నారు, అయిదుగురు అన్నదమ్ముల్లో ఒక్కడైనా తెరమీదికి రాడు, ఆ లోటు మనకి తట్టకుండా కె.వి.రెడ్డీ పింగళి నాగేంద్రరావూ కథ నడిపించారు అని ఆయన చెబుతుంటే మేమంతా మొదటి రీలు నుంచి గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఎవరికీ ఎక్కడా పాండవులు దొరకలేదు. సినిమా మళ్ళీ ఊళ్ళోకి వచ్చినప్పుడు నేల టికెట్టు కొనుక్కుని వెళ్ళి సరిచూసుకుని గానీ ఒప్పుకోలేదు.

అంత పట్టుదల ఎందుకంటే మాకు వెనక్కి తిప్పి చూసుకునే వీల్లేదు. సినిమా ఊరు దాటిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. చూసినంతసేపూ కళ్ళూ చెవులూ అప్పగించాల్సిందే. చూడలేనివాళ్ళకి చూసొచ్చినవాళ్ళే దిక్కు. మా పెద్దమ్మ మ్యాటినీ చూసొచ్చి, సాయంత్రం పని తెమిలాక, వంటింటి గడప మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ కథ చెప్పేది. సావిత్రి 'చివరకు మిగిలేది' (1960) నాకు మొదట అందింది ఆవిడ నోటివెంటే. మతి చెదిరిన రోగులని ప్రేమ నటించి మామూలు మనుషులని చేసే నర్సు కథ అది. బెంగాలీలో సుచిత్రా సేన్ వేసిన పాత్ర. చివర్లో ఆ నర్సే మతి పోగొట్టుకుని అదే ఆసుపత్రిలో రోగి అవుతుంది. ఆ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ చేతిలో చేట పక్కన పెట్టేసి, మాట ఆపి, సావిత్రి ఎలా చూసిందో అలా చూసేది. చాలా ఏళ్ళకి సినిమా చూశాను. తెరమీద సావిత్రి సరిగ్గా అలాగే చూసింది. ఒక్కసారి చూసిన సినిమాని అంత భద్రంగా ఇంటికి తెచ్చిన మనిషి చదువుకున్నది అయిదో తరగతి.

ఇక ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం. బొమ్మ లేకుండా గంటసేపు సినిమా వినడం. ఎస్వీ రంగారావు గొంతు తగ్గించి పలికే మాటలో ఎంత బరువుంటుందో తెలిసింది అక్కడే.

ఇప్పుడో? సినిమాని ఒకటిన్నర రెట్ల వేగంతో పరిగెత్తిస్తారు. పాట రాగానే దాటించేస్తారు. టైటిల్స్ ఎవరూ చూడరు. కొన్ని చోట్ల టైటిల్స్ కోసేసి, ఆ జాగాలో సొంత గుర్తు వేసుకుని మరీ అప్‌లోడ్ చేస్తున్నారు. టైటిల్స్ పోతే మాటలెవరివో, కెమెరా ఎవరిదో, కళ ఎవరిదో ఏం తెలుస్తుంది? అందుకే ఇప్పటి చర్చలు హీరోల వాటాల దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. ఇది రామారావు సినిమా, అది నాగేశ్వరరావు సినిమా, అంతే లెక్క. 'మాయాబజార్'లో నాలుగు పాటలకి సాలూరి రాజేశ్వరరావు వరసలు కట్టి తప్పుకుంటే మిగతా సంగీతం ఘంటసాల పూర్తిచేశారు. ఏ పాట ఎవరి వరస అనేదాని మీద మా ఊళ్ళో స్నేహాలు చెడిపోయాయి. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాడే లేడు.

బొమ్మ సంగతి మరీ ఘోరం. చతురస్రానికి కాస్త ఎక్కువగా ఉండే పాత తెరని లాగి లాగి ఫోను వెడల్పుకి సాగదీస్తున్నారు. రంగారావు ముఖం పూరీలా పరుచుకుంటోంది, భానుమతి సగం ఎత్తుకి దిగిపోయింది. లేకపోతే పైనా కిందా కోసేస్తారు, తలకట్టు ఉండదు, పాదాలుండవు. 2010లో 'మాయాబజార్'కి రంగులద్ది సినిమాస్కోప్‌లోకి మార్చి విడుదల చేస్తే జనం మురిసిపోయారు. నేను మురవలేకపోయాను. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల కోసం వెలుగు పెట్టాడు. ఆయన వెన్నెలకి రంగు అక్కర్లేదు. ఆయన చట్రంలోంచి ఒక్క అంగుళం తీసినా ఆయన పని పాడుచేసినట్టే. ఇంత గొప్ప సినిమా అని గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళు సాగదీసిన బొమ్మని చూస్తూ ఎలా ఊరుకుంటున్నారో నాకు అర్థం కాదు.

నిజంగా లోకం మరిచిపోయిన సినిమాల గురించి మాట్లాడాలనుకుంటే కరువా? బి.ఎన్.రెడ్డి అనగానే 'మల్లీశ్వరి' ఒక్కటే అంటారు. ఆయనే 1955లో 'బంగారు పాప' తీశారు. జార్జ్ ఎలియట్ నవల 'సైలాస్ మార్నర్' ఆధారం. పాలగుమ్మి పద్మరాజు మాటలు. కోటయ్యగా ఎస్వీ రంగారావు. చేయని నేరానికి జైలుకెళ్ళి, మనుషుల మీద కసితో తిరిగొచ్చినవాడికి ఒక పసిపిల్ల దొరుకుతుంది. ఆ పిల్లని ఎత్తుకోవడం రాక, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, అంత పెద్ద చేతులూ తడబడతాయి. ఘటోత్కచుడూ కీచకుడూ వేసిన మనిషి, గొంతెత్తకుండా, మీసం మెలెయ్యకుండా, వేళ్ళతో నటించాడు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. రంగారావు డైలాగుల ముక్కలు రోజూ పంచుకునే అభిమానుల్లో కోటయ్యని చూసినవాళ్ళు ఎంతమంది?

'సుడిగుండాలు' (1968) మరొకటి. ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని కలిసి తీశారు. కన్నకొడుకుని చంపిన కుర్రాళ్ళ తరఫున వాదించడానికి నిలబడే తండ్రి కథ. డబ్బు మాట తరవాత, ముందు ఈ సంగతి చెప్పాలి అనుకుని తీసిన సినిమా. అది పోతే పోయిందని, 1970లో మళ్ళీ 'మరో ప్రపంచం' తీశారు. అంత తెగువ గురించి ఎవరైనా ఒక గంట మాట్లాడితే వినాలని ఉంది.

డల్లాస్‌లో ఉన్న కుర్రాడు అర్ధరాత్రి అనుకుంటే ఇవాళ 'చివరకు మిగిలేది' చూడగలడు. మేము ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. ఇంత సదుపాయం చేతిలో పెట్టుకుని అవే పది సినిమాల చుట్టూ తిరుగుతున్నారే అన్నదే నా కడుపుమంట. పైగా ఈ సదుపాయం శాశ్వతమనుకుంటున్నారు. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ లేదు. ఫిల్మ్ అనేది తేమకి పులిసిపోయే, అంటుకుపోయే వస్తువు. పట్టించుకుంటే బతికించుకోవచ్చు: పాత సినిమాలని కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించిన మలయాళ 'తంపు' 2022లో కాన్స్ చిత్రోత్సవంలో వేశారు. 2023లో మణిపురి 'ఇషానౌ'. 2024లో హిందీ 'మంథన్', గుజరాత్ పాలరైతులు మనిషికి రెండేసి రూపాయలు వేసుకుని తీయించిన సినిమా. మణిపురి మాట్లాడేవాళ్ళు ఎంతమంది, మనమెంతమంది? హీరో పుట్టినరోజని పదిహేనేళ్ళ నాటి సినిమాని కొత్తగా 4కె చేయించి, హాళ్ళు నింపి, కాగితాలు ఎగరేసే డబ్బు మనవాళ్ళ దగ్గర ఉంది. 2022లో 'పోకిరి'తో అది జాతర అయిపోయింది. అందులో ఒక వంతు బి.ఎన్.రెడ్డి నెగెటివ్‌లకి పెట్టమని అడిగిన అభిమాన సంఘాన్ని నేనింకా చూడలేదు. అడగాలి. పాత సినిమా అంటే ప్రాణమని చెప్పుకునే ప్రతివాడూ అడగాలి, నిర్మాతల వారసులని, ప్రభుత్వాలని, ఆ సినిమాలమీద ఇవాళ్టికీ ప్రకటనల డబ్బు తింటున్నవాళ్ళని.

మొన్న మా మనవణ్ణి 'బంగారు పాప' చూడమని కూర్చోబెట్టాను. వాడు అలవాటు కొద్దీ వేలితో జరిపి నేరుగా కథలోకి దూకాడు. "ఆపరా" అని, మళ్ళీ టైటిల్స్ దగ్గర్నుంచి పెట్టించాను. ఒక్కో పేరూ పైకి చదివించాను. పద్మరాజు ఎవరు తాతయ్యా అన్నాడు. సినిమా అక్కడే ఆపి, ఆయన సంగతి చెప్పి, ఆ తరవాతే ముందుకి కదలనిచ్చాను.