ఊడి వచ్చిన ట్యూబ్

పళ్ళకి క్లిప్పులు వేయడం నా వృత్తి. ఒంగోలులో చిన్న క్లినిక్ పెట్టుకుని పద్నాలుగేళ్ళయింది. ఒక పిల్ల విషయంలో నేను చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముందు పళ్ళకి బ్రాకెట్లు అతికించడం పెద్ద కష్టం కాదు. పెదవి పక్కకి లాగితే పన్ను ఎదురుగా ఉంటుంది, చూస్తుండగానే ఆరిపోతుంది. దవడ పళ్ళ దగ్గరే అసలు పని. ఒక పక్క బుగ్గ, ఒక పక్క నాలుక, కింద ఊరుతూనే ఉండే ఉమ్మి. పై దవడలోనూ సుఖం లేదు. చెవి ముందుండే లాలాజల గ్రంథి నుంచి వచ్చే నాళం రెండో దవడ పన్నుకి ఎదురుగానే బుగ్గలోకి తెరుచుకుంటుంది. తీగ చివర దూరే చిన్న లోహపు గొట్టాన్ని, మేం ట్యూబ్ అంటాం, ఆ తడి మధ్యనే అతికించాలి.

పన్నుకి జిగురు పూసినంత మాత్రాన అది పట్టదు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి, పదిహేను నుంచి ముప్ఫై సెకన్లు ఆగి, బాగా కడిగి, గాలితో ఆరబెడితే ఎనామెల్ మెరుపు పోయి సుద్దలా తెల్లబడుతుంది. కంటికి కనపడనంత చిన్న గుంటలు పడతాయన్నమాట. పల్చటి రెసిన్ వాటిల్లోకి దిగి, నీలం లైటు పడగానే గట్టిపడి వేళ్ళూనుకుంటుంది. పళ్ళకి యాసిడ్ పెట్టి పట్టు తెప్పించే ఈ పద్ధతిని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాడు. ఇవాళ మేం అతికించే ప్రతి ముక్కా దాని పుణ్యమే. అయితే అలా తెల్లబడిన పన్ను మీద ఉమ్మి ఒక్క క్షణం తగిలినా, అందులోని ప్రోటీన్లు పొరలా పరుచుకుని ఆ గుంటల్ని కప్పేస్తాయి. అప్పుడు మళ్ళీ యాసిడ్ పెట్టి మొదటికి రావాల్సిందే. ఈ మాట నేను జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో.

ఆ పిల్లకి పదమూడేళ్ళు. కనిగిరి వైపు పల్లె. తల్లితో కలిసి రెండు బస్సులు మారి ఆదివారాలు వచ్చేది. ఆదివారం మా క్లినిక్‌లో నిలబడడానికి చోటుండదు. ఆ రోజు ఎడమ వైపు కింది దవడ పన్నుకి యాసిడ్ పెట్టి, కడిగి, ఆరబెట్టాను. ట్యూబ్ చేతిలోకి తీసుకుంటుండగా పిల్ల గుటక వేసింది. నాలుక లేచి, దూది చుట్టని పక్కకి నెట్టింది. పన్ను అంచున తడి మెరిసింది. చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. బయట పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. ఒకసారి గాలి కొట్టి, ట్యూబ్ పెట్టి, లైటు వేసేశాను.

నాలుగు వారాలకి ట్యూబ్ ఊడిపోయి వచ్చింది. "ఏం తిన్నావమ్మా?" అన్నాను. "ఏం తిన్లేదు సార్" అంది. నేను నమ్మలేదు. మళ్ళీ అతికించాను. అదీ ఊడింది. ఈసారి తల్లి ముందే గట్టిగా అన్నాను. జంతికలో, వేరుశనగ ఉండలో కొరికి ఉంటుందనీ, ఇంట్లో చెప్పినా వినకపోతే ఇన్ని డబ్బులు పోసి వైద్యం చేయించడం దండగనీ. పిల్ల తల వంచుకుంది. తల్లి దానివైపు చూసిన చూపు నేను గమనించాను. గమనించీ ఊరుకున్నాను.

మూడోసారి ఆ పిల్ల నోట్‌బుక్ కాగితంలో పొట్లం కట్టి ట్యూబ్ తెచ్చింది. అరచేతిలో పెట్టి, "మజ్జిగన్నం తింటుంటే వచ్చింది సార్" అంది. గొంతులో కోపం లేదు, భయం తప్ప.

ఎందుకో ఆ రోజు దాన్ని చెత్తలో పడేయలేదు. భూతద్దం కింద పెట్టి చూశాను. అడుగున ఉండే జాలీ అస్సలు కనపడడం లేదు. జిగురు మొత్తం దానికే అంటుకుని ఉంది, పన్ను వంపు అచ్చు పడి నున్నగా ఉంది. పన్ను మీద చూస్తే పిసరంత జిగురు కూడా మిగల్లేదు. ఊడిన చోట జిగురు ఏ వైపు మిగిలిందో చూసి లెక్కగట్టే పద్ధతిని 1984లో ఆర్టున్, బెర్గ్‌లాండ్ రాశారు. పీజీలో నేను దాన్ని బట్టీ పట్టాను. జిగురంతా ట్యూబ్‌తోనే వచ్చేసిందంటే పన్నుకీ జిగురుకీ మధ్య పట్టే సరిగా కుదరలేదని అర్థం. మజ్జిగన్నానికే ఊడిన ట్యూబ్ విషయంలో నేను అడగాల్సింది పిల్ల ఏం తిన్నదని కాదు.

అప్పుడు పిల్ల పళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. గార పళ్ళు. తెల్లటి మచ్చలు, వాటి మధ్య లేత గోధుమ చారలు. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే జబ్బు మన దేశంలో ఉందని 1937లో బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఈ పిల్ల వాళ్ళ ప్రాంతంలోనే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పంటి పైపొర యాసిడ్‌కి ఓ పట్టాన లొంగదు. పైపైన కాస్త అరగదీసి, యాసిడ్ ఎక్కువసేపు ఉంచాలి. మామూలు పన్నుకి పెట్టినంతసేపే దీనికీ పెట్టి, తెల్లబడింది కదా అని ముందుకి పోయాను. ఆ పన్ను ముందునుంచే తెల్లగా ఉంది. నా యాసిడ్ పని చేసిందో లేదో ఆ తెలుపు చెప్పలేదు. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తట్టకపోవడాన్ని నేను క్షమించుకోలేకపోతున్నాను. ఉమ్మి ఒక తప్పు, ఇది రెండో తప్పు. రెండూ నావే.

ఇలాంటి పన్నుకి చుట్టూ తొడిగే బ్యాండ్ ఉంది. మొదట ఆ పన్ను పక్క సందుల్లో రబ్బరు రింగులు పెట్టి, వారం తర్వాత బ్యాండ్ దించి, సిమెంటుతో బిగించాలి. అదనంగా ఒక రోజు రావాలి, నాకు పని ఎక్కువ. అందుకే ట్యూబులకి అలవాటు పడ్డాను. ఆ రోజు రింగులు పెట్టాను. తర్వాతి ఆదివారం వేసిన బ్యాండ్ వైద్యం పూర్తయ్యేదాకా కదల్లేదు.

రింగులు పెడుతూ, "నిజంగానే ఏమీ తినలేదా అమ్మా?" అని అడిగాను, ఈసారి నమ్మడానికి. "సంక్రాంతికి అరిసె కూడా తిన్లేదు సార్. మా తమ్ముడు తింటుంటే బయటికి పోయి కూచున్నా" అంది.

తల్లిని లోపలికి పిలిచాను. "మీ అమ్మాయి తప్పేం లేదమ్మా. నేనే సరిగ్గా అతికించలేదు, మూడుసార్లూ" అన్నాను. ఆమె కాసేపు అర్థం కానట్టు నిలబడింది. తర్వాత కూతురి వైపు కాదు, నా వైపు చూసి అడిగింది.

"అయితే నేను దాన్ని ఊరికే కొట్టానా సార్?"

అవునన్నాను.