‘సోమవార మెపుడొ’: టీకా తాత్పర్య సహితం

రాత్రి పదికి దొరికె రమ్యమౌ బొమ్మల
కథయు; మొదటి దాక కదలె వేలు;
తెల్లవారెఁ గాని తీరలే దాకలి;
సోమవార మెపుడొ సామిరంగ!

టీక: రాత్రి పదికి = పడుకోవలసిన వేళకు; దొరికె = వెతక్కుండానే తగిలెను; రమ్యమౌ బొమ్మల కథయు = సొగసైన వెబ్‌కామిక్కు (‘యు’ పాదపూరణమే, కవికి ఒక లఘువు తక్కువైంది); మొదటి దాక = మొదటి పుట వరకు; కదలె వేలు = చూపుడువేలు వెనక్కి వెనక్కి జరిగెను; తెల్లవారెఁ గాని = పాలవాడు వచ్చిపోయినా; తీరలే దాకలి = చదవాలన్న యావ చావలేదు; సోమవార మెపుడొ = తరువాతి పుట ఎన్నడో; సామిరంగ = ఇంకేం చెప్పను!

తాత్పర్యం: తాజా పుట ఒకటి చూసి, ముందుకథ తెలియక మొదటికి పోయి, ఉన్నదంతా చదివేసి, ఇక మిగల్లేదని ఒకడు వాపోతున్నాడు.

విశేషాలు: ఇతడు చదివింది ‘గర్ల్ జీనియస్’ అని మా నిర్ణయం. ఫిల్, కయా ఫోగ్లియో దంపతుల ఈ కామిక్ 2001లో అచ్చులో మొదలై 2005లో ఇంటర్నెట్‌కు మారింది. కొత్త పుట సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తుంది. ‘ఆకలి’, ‘సోమవారం’ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇది కార్తీక సోమవార ఉపవాసమని కొందరన్నారు. పొసగదు. ఉపవాసమున్నవాడికి సోమవారం తెల్లారితే ఆకలి మొదలు, వీడికి ఆ రోజే పారణ.

శంక: వారానికి మూడంటే ఏడాదికి నూటయాభై పైచిలుకు పుటలు. ఇరవయ్యేళ్లు దాటిన కథ ఒక్క రాత్రిలో ఎలా తెమిలింది? సమాధానం: ‘తెల్లవారె’ అన్నాడు గాని ఎన్నో రాత్రికి తెల్లవారిందో కవి చెప్పలేదు. ఆఫీసుకు సెలవు పెట్టిన సంగతి ధ్వని.

‘కదలె వేలు’ దగ్గర మాత్రం నాయకుడిది తప్పే. ‘ఫస్ట్’ అన్నచోట నొక్కితే ఒక్క దెబ్బకు మొదటి పుట వచ్చేది. ఒక్కొక్కటిగా వెనక్కి పోవడం పెళ్లయ్యాక పెళ్లిచూపులు చూడటమే. కొత్తగా మరిగినవాడికి ఎవరు చెబుతారు?

ఎదురుచూపు సంగతికొస్తే ఇతడింకా ఓనమాల దగ్గరే ఉన్నాడు. 2013 మార్చిలో రాండల్ మన్రో తన వెబ్‌కామిక్ ‘ఎక్స్‌కేసీడీ’లో ‘టైమ్’ అని ఒక బొమ్మ పెట్టాడు. సముద్రపొడ్డున ఇద్దరు పుల్లబొమ్మల మనుషులు, ఓ ఇసుక కోట, అంతే. అది మొదట అరగంటకోసారి, తరువాత గంటకోసారి మారుతూ నాలుగు నెలలు నడిచింది. లెక్క తేలితే 3,099 బొమ్మలు. కోట గోడ ఇంకాస్త లేచిందేమోనని గంటగంటకూ వచ్చి చూసినవాళ్ల ముందు సోమవారం దాకా ఆగలేనివాడు ఏపాటి?

రసం విప్రలంభ శృంగారం, నాయిక రాని పుట. అలంకారం అతిశయోక్తి అని లోకులు, స్వభావోక్తి అని అనుభవజ్ఞులు. ఛందస్సు ఆటవెలది. చివరి పాదంలో పడింది ప్రాసయతి, కవికీ నిద్ర లేదు మరి.

ఫలశ్రుతి: కొత్త కామిక్ పట్టేవారు శుక్రవారం రాత్రి పట్టండి, శని, ఆదివారాలు కలిసొస్తాయి. ‘గర్ల్ జీనియస్’ చదవడానికి పైసా కట్టనక్కర్లేదు. నచ్చితే అచ్చు సంపుటం ఒక్కటైనా కొనండి.