పదిహేనుకి పదకొండు

నా తమ్ముడి తలకి రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది 2021 సంక్రాంతి వారంలో, రోడ్డు మీద. రెండోది అదే ఏడు ఆగస్టులో, చెరువు గట్టు మీద. ఆ రెండోది కొట్టింది నేను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, బయటివాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. మా ఊళ్లో ఈమధ్య ఇంకో కుర్రాడు అలాగే పడి ఇంటికొచ్చాడు. వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుని, "స్కానింగులో ఏం లేదన్నారు, వీడే బద్ధకిస్తున్నాడు" అనడం విన్నాను. అచ్చంగా నా మాటలే. అందుకే రాస్తున్నాను.

మాది గుండుగొలను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లేటప్పుడు భీమడోలు కంటే ముందు తగులుతుంది. రోడ్డు ఇక్కడే చీలి ఒకటి గూడెం, తణుకుల మీదుగానూ, ఇంకోటి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకీ పోతుంది. దక్షిణానికి దిగితే కొల్లేరు పల్లం. అక్కడ ఎనిమిదెకరాల చేపల చెరువు లీజుకి తీసుకుని అన్నదమ్ములిద్దరం చేసుకునేవాళ్లం. డబ్బు లెక్క నాది, నీళ్ల లెక్క వాడిది. పొద్దున్నే గట్టు మీద నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "అన్నయ్యా, అడుగు చెడుతోంది, మేత తగ్గిద్దాం" అనేవాడు. వాడి ముక్కు ఎప్పుడూ తప్పలేదు.

ముక్కనుమ నాడు ఇంజిన్లోకి డీజిలు కావాల్సి వచ్చింది. సెంటర్ దాకా వెళ్లి పట్రమ్మన్నాను. మరదలు గూట్లోంచి హెల్మెట్ తీసి ఇవ్వబోతే, "సెంటర్ దాకేగా, దానిక్కూడా ఎందుకమ్మా" అన్నాను. వాడు అనలేదు ఆ మాట. వాడు చెయ్యి చాపాడు కూడా. నేనన్నాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చేపల లారీల్లోంచి కారే ఐసు నీళ్లతో మా వైపు రోడ్లు ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటాయి. మలుపులో బండి జారింది. ఎవరూ గుద్దలేదు, ఎవర్నీ అనడానికి లేదు. నుదురు నేరుగా రోడ్డుకి తగిలింది. నేను వెళ్లేసరికి స్పృహ లేదు. లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోశాను. ఇద్దరు కాళ్లు, నేను భుజాలు పట్టుకుని, తల వేలాడుతుంటే ఆటోలో వేశాం. స్పృహ లేనివాడి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తలకి దెబ్బ తగిలినవాడి మెడ కూడా దెబ్బతిని ఉండొచ్చు, దాన్ని కదపకూడదు. 108 బండి 2005 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది, ఫోను నా జేబులోనే ఉంది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

దారిలో కళ్లు తెరిచాడు. "అన్నయ్యా, చెరువు దగ్గర ఎవరున్నారు?" అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాలాగి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ చెప్పాను. ఏలూరు చేరేలోపు ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, మాట్లాడుతున్నాడు కదా అని. మెదడు కొత్త సంగతిని నిలుపుకోలేకపోవడం వల్లే అలా అడుగుతారనీ, ఆ స్థితి ఎన్ని రోజులుంటే దెబ్బ అంత లోతైనదని డాక్టర్లు అంచనా వేస్తారనీ తర్వాత తెలిసింది. మావాడికి అది నాలుగు రోజులుంది.

ఆసుపత్రి కాగితం మీద 11/15 అని రాశారు. పదిహేనుకి పదకొండు. అది చూసి నేను గట్టెక్కామనుకున్నాను. బళ్లో మార్కులు చూసే కళ్లతో చూశాను దాన్ని. అది గ్లాస్గో కొలత. స్కాట్లాండులోని గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు 1974లో తయారుచేశారు. కళ్లు తెరవడానికి ఇన్ని, మాటకి ఇన్ని, కాళ్లూ చేతులూ కదపడానికి ఇన్ని అని కలుపుతారు. అందులో అన్నిటికంటే తక్కువ సున్నా కాదు, మూడు. ఏ కదలికా లేని మనిషికి కూడా మూడు వస్తుంది. పదమూడూ అంతకంటే ఎక్కువైతే తేలిక దెబ్బ, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మధ్యరకం, ఎనిమిదీ అంతకంటే తక్కువైతే తీవ్రం. నేను సంతోషించిన పదకొండు, నా తమ్ముడి మెదడు గట్టి దెబ్బే తిన్నదని చెబుతోంది.

స్కానింగులో మెదడు ముందు భాగంలో రెండుచోట్ల రక్తం చిన్నగా కమిలినట్టు కనపడింది. డాక్టరు చాలాసేపు మాట్లాడారు. "ఆపరేషన్ అక్కర్లేదు" అన్న మాట నా చెవిన పడింది, ఆ తర్వాతివేవీ పడలేదు. ఆరో రోజున స్కానింగు ఫిల్ములు, డిశ్చార్జి కాగితం ఉన్న ప్లాస్టిక్ సంచీ ఇచ్చారు. తెచ్చి బీరువా వెనక నిలబెట్టాను. మేత బస్తాల చీటీని రూపాయితో సహా రెండుసార్లు చదివేవాణ్ణి, ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు.

ఫిబ్రవరిలో వాడు చెరువు దగ్గరికి వచ్చాడు. వచ్చాడనడం తప్పు, నేనే తీసుకెళ్లాను. మంచి గాలికి కోలుకుంటాడని చెప్పుకున్నానుగానీ, నిజానికి కూలీ మనిషి ఖర్చు తప్పుతుందనే. మొదటి రోజే వాసన తెలియడంలేదన్నాడు. ఆ రోజుల్లో వాసన తెలియలేదంటే అందరికీ తోచేది ఒక్కటే. కరోనా పరీక్ష చేయించాం, లేదని వచ్చింది. లేదని వచ్చాక ఇక ఆ మాటే పట్టించుకోలేదు. ముక్కు నుంచి మెదడుకి వాసన మోసే నరాలు దారాలంత సన్నవి. ఎముకలో జల్లెడలాంటి చిల్లుల్లోంచి పైకి వెళతాయి. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు ముందుకి జరిగితే ఆ దారాలు తెగిపోవచ్చు. స్కానింగులో అవి కనపడవు.

తల లోపల జరిగేదాన్ని మా పనితోనే చెప్పగలను. చేపపిల్లల్ని డ్రమ్ముల్లో నీళ్లు పోసి ఆటోలో తెస్తాం. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే డ్రమ్ముకి సొట్ట కూడా పడదు. కానీ నీళ్లన్నీ ముందుకి పోయి పిల్లలు గోడకి కొట్టుకుంటాయి. రెండ్రోజులాగి చెరువులో తేలుతాయి. మెదడు పుర్రెలో నీళ్ల మధ్య తేలుతూ ఉంటుంది. బరువు కేజీ మూడొందలో నాలుగొందలో గ్రాములు. నుదుటి వెనక, కణతల వెనక పుర్రె అడుగు గరుగ్గా, అంచులు తేలి ఉంటుంది. అందుకే ఎక్కువగా కమిలేవి ఆ రెండుచోట్లే. కమలడం ఒక సంగతైతే, లోపలి తంతులు సాగి తెగడం ఇంకొకటి. అది చాలాసార్లు మామూలు స్కానింగుకి దొరకదు. "స్కానింగులో ఏం లేదు" అంటే, వెంటనే ఆపరేషన్ చేసి తీయాల్సినంత రక్తం లేదని. మెదడు బాగుందని దానికి అర్థం కాదు. చేపపిల్లల డ్రమ్ముల్ని ఇరవయ్యేళ్లు దింపిన నాకు ఇది వేరే ఊరు పోయి చెప్పించుకుంటే తప్ప తెలియలేదు.

ఫిట్సు రాకుండా ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు మార్చిలో నేనే ఆపేయించాను. అవి వేసుకుని మగతగా ఉంటున్నాడని, పని సాగడంలేదని. తొమ్మిదో రోజు రాత్రి ఫిట్సు వచ్చింది. అంతకు మూడు నెలల ముందే, 2020 డిసెంబరులో, ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్సుతో పడిపోయారు. దేశమంతా చెప్పుకున్నారు ఆ సంగతి. మా వీధంతా "ఏలూరు ఫిట్సే" అన్నారు, నేనూ అన్నాను. మాత్రలు ఆపింది నేనని నాకు తెలిసి కూడా అన్నాను. నా తెలివితక్కువ పనులన్నిట్లో అబద్ధం కలిసింది ఇదొక్కటే.

అప్పటినుంచి వాడు వేరే మనిషి అయిపోయాడని నేను ఊరంతా చెప్పాను. చెప్పిన పని మొదలుపెట్టడు. మొదలుపెడితే మధ్యలో వదిలేస్తాడు. ఇంజిను చప్పుడుకి చెవులు మూసుకుంటాడు. మధ్యాహ్నానికి పీనుగులా పడుకుంటాడు. చిన్నమాటకి కేకలు వేస్తాడు. వాళ్లమ్మాయి పుస్తకం విసిరేశాడు. బద్ధకం అన్నాను, పొగరన్నాను. చినతిరుపతి తీసుకెళ్లి తలనీలాలిప్పించాను. కుట్ల మచ్చ బయటపడింది, దాన్ని చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. కాలు విరిగితే కట్టు కనపడుతుంది. వాడికి కాళ్లూ చేతులూ బాగున్నాయి, మాట బాగుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అది గుర్తించిన 21 రకాల్లో కూడా తలదెబ్బ అని విడిగా పేరు లేదు. చట్టానికే కనపడని జబ్బు నాకు కనపడకపోవడంలో వింతేముందని ఒకప్పుడు నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి. అది కుదరదు. చట్టం వాడితో కలిసి పెరగలేదు. నేను పెరిగాను.

ఆగస్టు సంగతికి వస్తాను. రెండ్రోజులు మబ్బు పట్టి ఎండ లేదు. అలాంటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి. అప్పుడు ఇంజిను పెట్టి నీళ్లు తిరగెయ్యాలి, ఆక్సిజన్ మాత్రలు చల్లాలి. ఆ రాత్రి కాపలా వాడిది. నేనే వేశాను. నాలుగున్నరకి వెళితే వాడు పాకలో నిద్రపోతున్నాడు. బొచ్చెలు, శీలావతులు గట్టు వారంతా తెల్లగా తేలి ఉన్నాయి. వాడు లేచి బయటికొచ్చి, ఆ కంపులో నిలబడి, "ఏమైంది అన్నయ్యా?" అన్నాడు. నటిస్తున్నాడనుకున్నాను. అంత కంపు తెలియకపోవడం ఏమిటని చెంప మీద కొట్టాను. తల పక్కకి తిరిగేంత గట్టిగా కొట్టాను.

వాడు తిరిగి ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్న మా వాకిట్లోకొచ్చి మెల్లిగా అడిగాడు. "అన్నయ్యా, నిన్న నన్ను కొట్టావా? కలేమో అనుకున్నా." నేను జవాబు చెప్పలేదు.

సాయంత్రం మరదలు ఆ ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. పదేళ్లలో నా ఎదుట ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. "అన్నీ ఇందులో రాసే ఇచ్చారు బావగారూ. మీరు చదువుతారని చూశాను" అంది. చదివాను. మాత్రలు మేము చెప్పేదాకా ఆపవద్దు. మద్యం తాగవద్దు. మతిమరుపు, కోపం, అలసట, వాసన తెలియకపోవడం ఉండవచ్చు. పనిలోకి మెల్లమెల్లగా పంపండి. ఆరు వారాలకి మళ్లీ చూపించండి. ఒకటిన్నర పేజీ. ఏడు నెలలు బీరువా వెనక ఉంది.

ఆ డిసెంబరులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్లాం. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడి చేత అంకెలు చెప్పించి, బొమ్మలు గీయించి, కథ విని తిరిగి చెప్పమని, మెదడులో ఏ పని ఆగిందో ఏది నడుస్తోందో విడివిడిగా చూశారు. నుదుటి వెనక భాగం మనిషి చేత పని మొదలుపెట్టించేది, తప్పు మాట నోటికి రాకుండా ఆపేది, ఒకదాని తర్వాత ఒకటి వరసపెట్టేది. అది దెబ్బతిన్నవాడు పని మొదలుపెట్టనిది ఇష్టం లేక కాదు, తాళంచెవి తిరగదు, అంతే. తనకి లోపముందని గ్రహించాల్సింది కూడా ఆ భాగమే కాబట్టి చాలామంది నాకేం కాలేదనే అంటారు. కోలుకోవడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో జరుగుతుందనీ, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మెల్లిగా సాగుతుందనీ చెప్పారు. ఆ మొదటి నెలల్లో వాడికి నేనిచ్చినవి తిట్లు, రాత్రి కాపలా. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా మారదు.

వాళ్లు నేర్పినవి చూడటానికి చిన్నవి. జేబులో ఒక నోటుపుస్తకం. ఒకసారికి ఒకే పని. అలసట రాకముందే పడుకోవడం. ఫోన్లో మాత్రలకి అలారం. మాట్లాడేటప్పుడు టీవీ ఆపడం. కోపం వచ్చినప్పుడు ఎదురు చెప్పకుండా మేమే గదిలోంచి బయటికి రావడం. ఇంట్లో గ్యాసు లీకైతే మోగే పెట్టె ఒకటి పెట్టాం, వాడు వాసన పట్టలేడు కాబట్టి. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. మొదటి నెలలోనే చేయగలిగినవే అన్నీ.

2023 ఏప్రిల్లో విరూపాక్ష సినిమా వచ్చింది. అందులో హీరో సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది. ముప్పై అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట తిరిగి తెచ్చుకోవడానికి పడ్డ అవస్థ తానే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. మావాడు ఆ ఇంటర్వ్యూ ఫోన్లో మూడుసార్లు చూశాడు. చూసి, "ఈయనక్కూడా మాటలు దొరకలేదంట అన్నయ్యా" అన్నాడు. తన సంగతి తానుగా నాతో ఎత్తింది అప్పుడే. నేను ఆ రాత్రే వాడి కాళ్లు పట్టుకున్నాను. ఆగస్టు సంగతి కల కాదని చెప్పాను. తెలుసన్నాడు. తర్వాత పుస్తకంలో రాసుకున్నాడట.

మీ ఇంటికి తలదెబ్బతో ఎవరైనా తిరిగొచ్చి ఉంటే, వాళ్లు నడుస్తున్నా, నవ్వుతున్నా, ఆ డిశ్చార్జి కాగితం ఎక్కడుందో ఈ రాత్రే వెతకండి. అర్థం కాకపోతే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి చదివించుకోండి. మనిషి మారిపోయాడని ఊళ్లో చెప్పే ముందు అది చదవండి.

తమ్ముడు ఇప్పుడు పగటిపూట నాలుగు గంటలు చెరువు దగ్గర ఉంటాడు. మేత లెక్క, నీళ్ల లెక్క రెండూ వాడే రాస్తాడు. వాసన ఇంకా రాలేదు. పొద్దున్నే గట్టు మీద గాలి పీల్చి నీళ్లెలా ఉన్నాయో నేను చెబుతాను, వాడు పుస్తకంలో రాసుకుంటాడు.